జమైకా ట్రిప్: తుఫానుకు క్లెయిమ్ ఎందుకు రాదంటున్నారు?

అక్టోబర్‌లో జమైకా వెళ్లాల్సి ఉంది, తుఫాను వల్ల ట్రిప్ పోతే ట్రావెల్ ఇన్సూరెన్స్ క్లెయిమ్ రాదంటున్నారు, ఎందుకని అడిగారు. పాలసీ కొన్న తేదీలోనే ఉంది చిక్కు. తుఫానుకు పేరు పెట్టేశాక కొన్న పాలసీ ఆ తుఫానుకు మామూలుగా వర్తించదు, ముందే తెలిసిన సంగతి కింద లెక్కేస్తారు. మీరేమో డాలస్ నుంచి మాంటెగో బే (జమైకాలోని ఊరు) టికెట్ జూన్‌లో కొని, ఇన్సూరెన్స్ మాత్రం తుఫానుకు పేరు పెట్టేశాక, నిన్న తీసుకున్నానన్నారు.

1. టికెట్ మీ అంతట మీరు క్యాన్సిల్ చేయకండి. చాలామంది కంగారులో జారేది ఇక్కడే. మీరు ముందు రద్దు చేస్తే, నాన్-రిఫండబుల్ టికెట్‌కు మహా అయితే క్రెడిట్ (మరో టికెట్‌కు వాడుకునే మొత్తం) వస్తుంది. ఎయిర్‌లైనే రద్దు చేసి, బదులు ఫ్లైట్ మీరు వద్దంటే, అమెరికా రూల్ ప్రకారం డబ్బే వెనక్కివ్వాలి. మధ్యలో వోచర్ ఇస్తామని మెయిల్ వస్తుంది, తొందరపడి ‘యాక్సెప్ట్’ నొక్కకండి.

2. ఎయిర్‌లైన్ సైట్‌లో ట్రావెల్ అలర్ట్ పేజీ రోజూ చూడండి. జాబితాలో ఎంబీజే (MBJ, మాంటెగో బే ఎయిర్‌పోర్ట్ కోడ్) కనిపిస్తే, వాళ్లిచ్చిన గడువులోపు తేదీ మార్పుకు ఫీజు ఉండదు. ఛార్జీ తేడా పడుతుందో లేదో షరతుల్లో చదవండి.

3. హోటల్‌ది వేరే లెక్క. హరికేన్ గ్యారంటీ (తుఫాను వస్తే డబ్బు వెనక్కివ్వడమో, తేదీలు మార్చడమో చేస్తామనే హామీ) ఉందా అని మెయిల్‌లో అడిగి, జవాబు దాచుకోండి.

తుఫాను పక్కకు పోతే నిక్షేపంగా వెళ్లండి. అక్టోబర్ వాన ఎక్కువగా మధ్యాహ్నం దాటాకే, కాబట్టి తిరుగుళ్లు ఉదయం పెట్టుకోండి. బ్లూ మౌంటెన్స్ (జమైకా తూర్పు కొండలు) మాత్రం వదిలేయండి, ఆ ఘాట్ రోడ్డు మీద కొండచరియలు పడతాయి.