చెప్పినదీ, చెప్పకుండా ఉంచుకున్నదీ

చిరంజీవికి ఆశీస్సులు.

అట్లాంటిక్ బానిస వ్యాపారంలో చిక్కుకున్న ఆఫ్రికన్ల స్వీయకథనాల మీద నువ్వు రాస్తున్న పుస్తకంలో మొదటి మూడు అధ్యాయాలూ చదివాను. వాక్యం బాగా నడుస్తోంది, శ్రద్ధగా చదివావని కూడా తెలుస్తోంది. అయితే మేరీ ప్రిన్స్ అధ్యాయాన్ని ఓడ అడుగున, చీకట్లో, గొలుసుల చప్పుడు మధ్య మొదలుపెట్టావు. ఆమె ఆ ఓడ ఎక్కిన మనిషి కాదు. 1788 ప్రాంతంలో బెర్ముడాలో, అప్పటికే బానిసలుగా ఉన్న తల్లిదండ్రులకు పుట్టింది. మనలో చాలామందికి ఈ చరిత్ర అలెక్స్ హేలీ నవలకు సహవాసి తెలుగు చేసిన 'ఏడు తరాలు' ద్వారా పరిచయమైంది కాబట్టి, బానిస అనగానే కుంటా కింటే పడి ఉన్న ఆ ఓడ అడుగే మన కళ్ళముందుకు వస్తుంది. అది నవల, దాని దారి వేరు. నువ్వు చేపట్టినది తమ బతుకు గురించి తామే సాక్ష్యం చెప్పినవాళ్ళ గురించి రాసే పని. ఇందులో వాళ్ళు ఏది చెప్పారన్నది ఎంత ముఖ్యమో, ఏది చెప్పకుండా తమ దగ్గరే ఉంచుకున్నారన్నదీ అంతే ముఖ్యం. ఆ ఖాళీలను మన ఊహతోనూ మన కన్నీళ్ళతోనూ పూడ్చే హక్కు మనకు లేదన్నదే ఈ ఉత్తరంలో నేను చెప్పదలచుకున్నది.

మేరీ చెప్పిన సంగతులు చాలవని నీకు ఎందుకు అనిపించిందో నాకు అర్థం కాలేదు. పన్నెండేళ్ళ వయసులో ఆమెనూ ఇద్దరు చెల్లెళ్ళనూ సంతలో అమ్మడానికి తీసుకువెళ్ళే రోజు పొద్దున, వాళ్ళకు కొత్త ముతక బట్టలు తొడుగుతూ తల్లి, నా పిల్లలకు శవవస్త్రం కడుతున్నాను చూడండి అని ఏడ్చిందట. కొన్ని పౌండ్లతో మొదలైన వేలం యాభై ఏడు దాకా పాకిందని మేరీయే చెప్పింది. ఆ తరువాత టర్క్స్ దీవి ఉప్పుమడుల్లో తెల్లవారుజామున నాలుగింటికే దిగి మోకాళ్ళ లోతు ఉప్పునీళ్ళలో నిలబడి పనిచేయడం, కాళ్ళనిండా పుండ్లు లేచి కొందరికి అవి ఎముకదాకా తినేయడం కూడా ఆమె మాటల్లోనే ఉన్నాయి. వీటికి ముందు నీ గొలుసుల వర్ణన రెండు పేజీలు దేనికి?

ఆ అధ్యాయంలో నువ్వు దాటేసిన అసలు చిక్కు వేరే ఉంది. 1831లో లండన్‌లో అచ్చయిన ఆ కథను మేరీ స్వయంగా రాయలేదు. ఆమె చెబుతుంటే సుసానా స్ట్రిక్‌లాండ్ అనే యువతి రాసుకుంది, బానిసత్వ వ్యతిరేక సంఘం కార్యదర్శి థామస్ ప్రింగిల్ దాన్ని సవరించాడు. చెప్పినదే మళ్ళీ చెప్పిన చోట్లనూ, వ్యాకరణం మరీ తప్పిన చోట్లనూ తీసేశామనీ, ముఖ్యమైన విషయమేదీ విడిచిపెట్టలేదనీ ఆయన ముందుమాటలో హామీ ఇచ్చాడు. కానీ 1833లో ఆ పుస్తకం కారణంగా నడిచిన పరువునష్టం దావాలో సాక్ష్యం చెప్పవలసి వచ్చినప్పుడు, పెళ్ళికి ముందు ఆంటిగ్వాలో కెప్టెన్ అబట్ అనే తెల్లవాడితో కొన్నేళ్ళు సంబంధం ఉండేదని మేరీ ఒప్పుకుంది, ఆ సంగతి స్ట్రిక్‌లాండ్‌కు చెప్పానని కూడా అన్నది. పుస్తకంలో మాత్రం ఆ ప్రస్తావన లేదు. బానిస స్త్రీ మీద జాలిపడటానికి సిద్ధంగా ఉన్న ఇంగ్లండు పాఠకులు, ఆమె శీలం మీద చిన్న మచ్చ కనిపించినా ముఖం తిప్పుకుంటారని సవరించినవారు భయపడి ఉంటారని నా అనుమానం. ఇక్కడ మౌనం మేరీది కాదు, ఆమె తరఫున వేరేవాళ్ళు పాటించినది. ఏ మౌనం ఎవరిదో విడదీసి చూపించడమే ఈ అధ్యాయానికి ప్రాణం.

హారియట్ జేకబ్స్ దగ్గర పరిస్థితి తలకిందులు. 1861లో లిండా బ్రెంట్ అనే మారుపేరుతో ఆమె స్వయంగా రాసిన పుస్తకాన్ని, సంపాదకురాలు లిడియా మరియా చైల్డ్ కల్పించిన నవలగా చాలామంది పండితులు చాలాకాలం కొట్టిపారేశారు. జేకబ్స్ ఉత్తరాలను వెతికి పట్టి, పుస్తకంలోని మనుషులనూ ఊరినీ రుజువులతో సహా గుర్తించి, జీన్ ఫేగన్ యెలిన్ 1987లో సవివరమైన ప్రతి ప్రచురించాకే ఆ వాదన ఆగింది. నార్త్ కరోలినాలోని ఈడెన్‌టన్‌లో, అమ్మమ్మ ఇంటి పక్క కొట్టు పైకప్పు కింద, తొమ్మిదడుగుల పొడవు, ఏడడుగుల వెడల్పు, అతి ఎత్తైన చోట మూడడుగులు ఉన్న ఇరుకులో జేకబ్స్ యజమానికి చిక్కకుండా దాదాపు ఏడేళ్ళు దాక్కున్నది. ఇది నువ్వూ రాశావు, కానీ ఆమె అక్కడ పడిన బాధ దగ్గరే ఆగిపోయావు. అక్కడ ఆమె చేసిన పనిని చూడు. న్యూయార్క్ వీధుల పేర్లు తెలుసుకోవడానికి ఒక పాత పత్రిక ముక్క సంపాదించింది. ఆ ఊళ్ళో ఉన్నట్టుగా యజమానికి ఉత్తరం రాసి, నమ్మకస్తుల చేత న్యూయార్క్ దాకా పంపించి అక్కడి టపాలో వేయించింది. ఆయన ఆ ఉత్తరం పట్టుకుని అమ్మమ్మ దగ్గరికి వచ్చి, తనకు కావలసినట్టు మార్చి చదువుతుంటే, జేకబ్స్ తలుపు చాటున ఉండి విన్నది. శత్రువును పాఠకుడిగా పెట్టుకుని, అతను ఏది నమ్ముతాడో లెక్కగట్టి రాసిన రచయిత్రి ఆమె. అమెరికా ఉత్తరాది తెల్ల స్త్రీల కోసం పుస్తకం రాసేటప్పుడు కూడా ఏది ఎంత చెప్పాలో ఆ చేతికి బాగా తెలుసు. ఆమెను కేవలం బాధితురాలిగా చూపిస్తే ఈ నేర్పు కాస్తా పాఠకుడికి అందకుండా పోతుంది.

ఫ్రెడరిక్ డగ్లస్ 1838లో అమెరికాలో బానిసత్వం నుంచి తప్పించుకున్నాడు. 1845లో కథ రాశాడు. ఎలా తప్పించుకున్నాడో మాత్రం చెప్పలేదు. చెబితే సాయం చేసినవాళ్ళకు ముప్పు, వెనకాల వచ్చేవాళ్ళకు దారి మూసుకుపోతుందని సూటిగానే రాశాడు. ఒక నావికుడి కాగితాలు అరువు తెచ్చుకుని, ఆ వేషంలో బాల్టిమోర్‌లో రైలెక్కిన సంగతి 1881 నాటి మూడో ఆత్మకథలో గానీ వివరంగా రాలేదు. నువ్వేమో 1845 పుస్తకం గురించి రాస్తూ ఆ రైలు ప్రయాణాన్ని కూడా అందులోనే కలిపేశావు. దాన్ని విడదీయి. ఆ పుస్తకంలోనే, చిన్నతనంలో చలికి పగిలిన తన పాదాల నెరియల్లో ఇప్పుడు రాస్తున్న కలం పట్టేస్తుందని ఒక మాట ఉంది. నీ అధ్యాయం మొత్తంలో నాకు అది కనిపించలేదు.

ఒలౌడా ఈక్వియానో విషయంలో తొందరపడి తీర్పు చెప్పకు. 1789 నాటి తన పుస్తకంలో ఆఫ్రికాలోని ఇగ్బో ప్రాంతంలో (నేటి నైజీరియా) పుట్టానన్నాడు. 1759 నాటి లండన్ బాప్తిస్మ నమోదులో మాత్రం పుట్టినచోటు అమెరికాలోని కరోలినా అని ఉంది. పండితుల మధ్య తగువు తెగలేదు. రెంటినీ పాఠకుడి ముందు పెట్టి పక్కకు తప్పుకో. ఓడ అడుగును వర్ణించాలన్న కోరిక నీకు అంతగా ఉంటే దాని చోటు ఇదే, ఆయన మాటల మీదే ఆధారపడి, ఈ సందేహాన్ని దాచకుండా.

ఒమర్ ఇబ్న్ సయీద్‌ను నువ్వు అసలు తలచుకోలేదు. పశ్చిమ ఆఫ్రికాలోని ఫూటా టోరోలో చదువుకున్న పండితుడు, 1807లో బానిసగా అమెరికాలోని చార్లెస్టన్‌లో దింపబడి, 1831లో నార్త్ కరోలినాలో పదిహేను పేజీల స్వీయకథను అరబీలో రాశాడు. సమస్త ఆధిపత్యమూ దేవుడిదేనని చెప్పే ఖురాన్ అధ్యాయంతో దాన్ని మొదలుపెట్టి, ఆ తరువాత తన యజమానిని మెచ్చుకున్నాడు. ఈ రెండూ పక్కపక్కన ఎందుకున్నాయో నువ్వే ఆలోచించి రాయి.

ఓడలెక్కించినవారు సుమారు కోటీ ఇరవై అయిదు లక్షల మంది అన్న లెక్కను ప్రతి అధ్యాయంలోనూ చెప్పావు, ఒక్కసారి చాలు. జేకబ్స్ అధ్యాయాన్ని ముందు తిరగరాసి పంపు. మేరీ అధ్యాయంలో ఓడను తీసేసి, కోర్టు సాక్ష్యంతో మొదలుపెట్టి చూడు, నడక కుదరకపోతే వేలం దగ్గరికి మార్చుకోవచ్చు.

ఇట్లు,
నీ శ్రేయోభిలాషి