హైదరాబాద్ దగ్గర నీళ్ల పక్కన, ఎత్తుపల్లాలు లేని ప్రశాంతమైన సైకిల్ దారి ఉందా?

కొల్లేరు లాంటి చదును ఇక్కడ దొరకదండీ, ముందే చెప్పేస్తున్నా. మీరు కైకలూరు వైపు గట్ల మీద సైకిల్ తొక్కి పెరిగానని, ఇప్పుడు రాజేంద్రనగర్‌లో ఇల్లు తీసుకున్నానని, నీళ్లూ పిట్టలూ ఉండి లారీలు లేని చదును రోడ్డు కావాలని అడిగారు. ఒకసారి ఆటపాక గూడబాతుల్ని చూడ్డానికి వచ్చి మేమూ అక్కడ సైకిల్ తొక్కాం. పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా గేరు మార్చిన గుర్తు లేదు. అది కృష్ణా, గోదావరి డెల్టాల మధ్య పల్లం. ఇదేమో సముద్రమట్టానికి 500 మీటర్ల పైన, రాళ్లగుట్టల మధ్య ఉన్న ఊరు. ఆ చదును కోసం వెతికితే నిరాశే. కానీ నీళ్లు ఎక్కడ నిలిచాయో అక్కడ వెతికితే కొంత దొరుకుతుంది.

నేను అత్తాపూర్‌లో ఉంటాను. 43వ ఏట మళ్లీ సైకిల్ ఎక్కాను. ఆరేళ్లుగా ఆదివారాలు నేనూ మా ఆడపడుచూ కలిసి వెళ్తున్నాం. మీ ఇంటికి దగ్గరైనదే ముందు చెప్తాను.

వ్యవసాయ విశ్వవిద్యాలయం మీదుగా హిమాయత్ సాగర్ జలాశయం వైపు వెళ్లండి. తెల్లవారుజామున ఐదున్నరకల్లా అక్కడుండాలి. ఏడు దాటితే ఫొటోలకు వచ్చే కార్లు మొదలవుతాయి. నీళ్ల వెంట ఉన్నంతసేపూ రోడ్డు మెత్తగా సాగుతుంది. డిసెంబర్, జనవరిలో పొగమంచు పడితే అవతలి ఒడ్డు కనబడదు, నీటికాకులు మాత్రం రాళ్ల మీద రెక్కలు ఆరబెట్టుకుంటూ కనిపిస్తాయి. పిట్టల కోసమైతే నిండుగా ఉన్నప్పటికంటే నీళ్లు వెనక్కి తగ్గాక వెళ్లడం మంచిది. శిఖం భూమిలో, అంటే నీళ్లు తగ్గాక బయటపడే చెరువు లోపలి నేలలో, బురద తేలుతుంది, కొంగలకు మేత అక్కడే.

అక్కడి నుంచి గండిపేట (ఉస్మాన్ సాగర్) జలాశయం ఎంతో దూరం లేదు కదా, రెండూ కలిపి ఒక రౌండు కొడదాం అనిపిస్తుంది. మాకూ అనిపించింది. కాగితం మీద చూస్తే గండిపేట పూర్తి నీటిమట్టం 1,790 అడుగులు, హిమాయత్ సాగర్‌ది 1,763.5 అడుగులు. ఇరవై ఆరడుగుల తేడాకి ఏం ఆయాసం వస్తుందిలే అనుకున్నాను. ఒకటి మూసీ మీద, ఇంకోటి ఈసీ మీద ఉన్నాయని, రెండు నదుల మధ్య గట్టు ఎక్కి దిగాల్సిందేనని అప్పుడు తట్టలేదు. అజీజ్‌నగర్ దాటాక మా ఆడపడుచు సైకిల్ దిగి నడిపించుకుంటూ, "వదినా, నీ లెక్క నీళ్లకి సరిపోయింది, మనకి కాదు" అంది. అప్పటి నుంచి ఒక వారం ఒక చెరువే.

ఈ చుట్టుపక్కల రోడ్లు ఇంకా పల్లె రోడ్లలా ఉండడానికి కారణం ఉంది. 1908 మూసీ వరద తర్వాత, మళ్లీ అలాంటిది రాకుండా గండిపేట 1920లో, హిమాయత్ సాగర్ 1927లో కట్టారు. నగరానికి తాగునీళ్లు కూడా వీటి నుంచే వచ్చేవి. వాటిని కాపాడ్డానికి 1996లో తెచ్చిన 111 జీవో, పది కిలోమీటర్ల పరిధిలోని 84 ఊళ్లలో పెద్ద కట్టడాలకు అడ్డుపడింది. 2022లో ఆ ఆంక్షలు ఎత్తేస్తూ 69 జీవో వచ్చింది. జీవోల సంగతి పెద్దవాళ్లు చూసుకుంటారు గానీ, మేం మొదలుపెట్టినప్పుడు ఆ రోడ్ల మీద పాల క్యాన్ల బండ్లే ఎదురొచ్చేవి, ఇప్పుడు సిమెంట్ మిక్సర్లు కూడా వస్తున్నాయి. వెళ్లాలనుకుంటే వాయిదా వేయకండి.

చిలుకూరు వైపు మాత్రం శుక్ర, శని, ఆదివారాల్లో వద్దు. బాలాజీకి 108 ప్రదక్షిణలు చేసే జనంతో రోడ్డు పొద్దున్నే నిండిపోతుంది. వానాకాలంలో జలాశయాల గేట్లు ఎత్తితే కింద ఔటర్ రింగ్ రోడ్డు (ఓఆర్ఆర్) పక్కనున్న సర్వీస్ రోడ్డు మీదుగా నీళ్లు పారి దారి మూసేస్తారు, కాబట్టి బయల్దేరే ముందు వార్తలు చూసుకోండి. ఆ కాలంలో గాలి కూడా పడమటి నుంచి కొడుతుంది. వెళ్లేటప్పుడు ఎదురుగాలి, వచ్చేటప్పుడు వెనక నుంచి తోపు. మొదటిసారి వచ్చేవాళ్లు పోయేటప్పుడే బెదిరిపోయి వెనక్కి తిరుగుతారు, అసలు సుఖం తిరుగుదారిలో ఉందని తెలియక.

ఇంకొంచెం దూరం వెళ్లగలిగితే నేను నేర్చుకున్న కిటుకు ఒకటుంది. ఫోన్‌లో ఉపగ్రహం మ్యాప్ తెరిచి చెరువు కట్టకు దిగువన పచ్చటి మడులు వెతకండి. వరి మడి పండాలంటే నేల సమంగా ఉండాలి, అందుకే ఆయకట్టులోంచి పోయే రోడ్డు చాలావరకు చదునుగానే ఉంటుంది. మొయినాబాద్, శంకర్‌పల్లి వైపు మాకు నచ్చిన దారులన్నీ ఇలా దొరికినవే.

అయితే ఆయకట్టు రోడ్డంటే కోతల రోజుల్లో కళ్లమే. వానాకాలం పంట కోసే రోజుల్లో ఒకసారి, యాసంగి కోతల్లో ఏప్రిల్, మేలో ఇంకోసారి, సగం రోడ్డు మీద వడ్లు ఆరబోస్తారు. చుట్టూ రాళ్లు పెడతారు, రాత్రి నల్ల పట్టాలు కప్పుతారు. చీకట్లో నల్ల తారు మీద నల్ల పట్టా ఏం కనబడుతుంది? ఒక నవంబర్‌లో ముందు చక్రం రాయికి తగిలి నేను నేరుగా కుప్ప మీద పడ్డాను. మంచం మీద కాపలా పడుకున్న ముసలమ్మ లేచి, "కండ్లు కనవడ్తలేవా బిడ్డా, వడ్ల మీదికెల్లి పోతవ్?" అని కేకలేసింది. ఆ వెంటనే, "దెబ్బ గిట్ల తాకిందా?" అంటూ చెంబుతో నీళ్లు తెచ్చింది. మోచేయి గీరుకుపోయింది, అంతే. ఇద్దరం కూర్చుని చెల్లాచెదురైన వడ్లు ఎత్తి పోశాం. ఆ రెండు సీజన్లలో తెల్లారాకే బయల్దేరండి, లైటున్నా సరే.

పంక్చర్ల సంగతి. సర్వీస్ రోడ్ల మీద లారీ టైర్ల లోంచి ఊడిన సన్నటి ఇనుప తీగలు, పల్లె దారుల్లో పల్లేరుకాయలు. రెండు ట్యూబులు లేకుండా నేను గడప దాటను. కుక్కలు వెంటపడితే వేగం పెంచకండి, దిగి సైకిల్‌ని మీకూ వాటికీ మధ్య పెట్టుకుని నిలబడండి. నూటికి తొంభైసార్లు వాటికి విసుగొస్తుంది.

నిజంగా కొల్లేరు గుర్తొచ్చే చోటు మాకు ఒక్కటే కనిపించింది, సంగారెడ్డి దాటాక మంజీర. కారు వెనక క్యారియర్‌కి సైకిళ్లు తగిలించుకుని సంగారెడ్డి దాకా వెళ్లి, అక్కడి నుంచి కల్పగూర్ వైపు తొక్కుతాం. ముంబై హైవే మీద సైకిల్ తొక్కే సాహసం చేయకండి. సింగూరు, మంజీర ఆనకట్టల మధ్య నదిని 1978లో అభయారణ్యం చేశారు, విస్తీర్ణం 20 చదరపు కిలోమీటర్లు. మధ్యమధ్య చిన్న దీవులు, రెల్లు, చుట్టూ రేగడి పొలాలు. చలికాలంలో తలమీద రెండు నల్లగీతలున్న బాతులు హిమాలయాల మీదుగా ఎగిరొస్తాయి. పొద్దున్నే శనగ చేలల్లో మేస్తున్నప్పుడు చూస్తే ఊళ్లో పెంచుకున్న బాతులే అనుకుంటారు. అభయారణ్యం లోపలికి మాత్రం అటవీ శాఖ వాళ్లను అడక్కుండా వెళ్లొద్దు. చేతులు కడుక్కుందామని నీళ్లలోకి అసలు దిగొద్దు. మొసళ్లకు పేరున్న చోటది, బోర్డు చదివి నవ్వుకునే విషయం కాదు.

మీరు అడగకపోయినా ఎవరో ఒకరు చెప్తారు కాబట్టి: ఓఆర్ఆర్ పక్కన 2023లో తెరిచిన సోలార్ సైకిల్ ట్రాక్ 23 కిలోమీటర్లు. నీడ ఉంది, లైట్లున్నాయి, కార్ల భయం లేదు. సాయంత్రం వ్యాయామానికి బంగారం. పిట్ట కూత మాత్రం వినబడదు, పక్కన కార్ల హోరు. చేవెళ్ల మర్రిచెట్ల రోడ్డు ఫొటోలు చూసి మోసపోకండి, చెట్లు గొప్పవే, వాటి మధ్య బస్సులూ టిప్పర్లూ అంతకంటే గొప్పవి. అమీన్‌పూర్ చెరువును 2016లో జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించారు గానీ చుట్టూ ఇళ్లు కమ్ముకున్నాయి. అక్కడికి బైనాక్యులర్స్‌తో వెళ్లండి, సైకిల్‌తో కాదు.

మంజీరకు సెప్టెంబర్‌లో వెళ్లిన తప్పు మేం ఒక్కసారే చేశాం. తడి రేగడి చక్రాలకు పట్టి, బ్రేకుల దగ్గర ముద్దలా చేరి, సైకిల్ ముందుకి కదల్లేదు, వెనక్కీ రాలేదు. తుమ్మ పుల్లతో గంటసేపు గీకుతూ కూర్చుంటే గొర్రెలు కాసే పిల్లాడు చూసి, మా రెండు సైకిళ్లూ చెరో భుజాన వేసుకుని తారు దాకా మోశాడు. ఇప్పుడు డిసెంబర్ రెండో వారం దాటాకే వెళ్తున్నాం. మీకు కుదిరితే రండి, మా క్యారియర్ మీద మూడో సైకిల్‌కి చోటుంది. ట్యూబులు మాత్రం ఎవరివి వాళ్లే తెచ్చుకోవాలి.