మత్తు మాన్పించడం ఇంట్లో చేసుకునే వైద్యం కాదు

ప్రశ్న: మా అబ్బాయికి 22 ఏళ్లు. రెండేళ్లుగా గంజాయి తాగుతున్నాడని, ఏడాదిగా నిద్రమాత్రలు, నొప్పి మాత్రలు కూడా విపరీతంగా వేసుకుంటున్నాడని ఈమధ్యే తెలిసింది. నిలదీస్తే ఏడ్చాడు, ఇక ముట్టుకోనని ఒట్టేశాడు. మూడు రోజులుగా గదిలోనే ఉంచి అన్నీ మాన్పించాం. వణుకు, చెమటలు, నిద్ర లేదు. నిన్న రాత్రి ఒకసారి ఒళ్లంతా బిగుసుకుపోయి కాసేపు పలకలేదు. బంధువులు ఇచ్చిన మాత్ర ఒకటి వేస్తే పడుకున్నాడు. మంచి కుటుంబాల పిల్లలు కూడా డ్రగ్స్‌కి ఎందుకు బానిసలవుతున్నారు? సమాజం దీన్ని ఎలా ఆపాలి? తనకు తెలియకుండా భోజనంలో కలిపి ఇచ్చే మందు ఏదైనా ఉందా? – ఒక తల్లి

జవాబు: అమ్మా, మీ మూడు ప్రశ్నలకూ వస్తాను. ముందు, మధ్యలో ఒక్క వాక్యంలో చెప్పి వదిలేసిన సంగతి మాట్లాడాలి. ఒళ్లు బిగుసుకుపోయి పలకలేదన్నారు. చూడకుండా ఖాయంగా చెప్పలేను గానీ, అది ఫిట్స్ అయ్యే అవకాశం బాగా ఉంది. నిద్రమాత్రలు ఒక్కసారిగా ఆపిన మూడో రోజు ఇలా జరిగిందంటే ఏ డాక్టరైనా మొదట దాన్నే అనుమానిస్తారు. ఒకసారి వస్తే మళ్లీ రావచ్చు. అందుకే మీ ప్రశ్న చదవగానే, అబ్బాయిని వెంటనే ఎమర్జెన్సీ విభాగం ఉన్న ఆస్పత్రికి తీసుకెళ్లమని మీకు మెయిల్ పంపించాను. ఇదే పరిస్థితిలో ఉన్న మిగతా కుటుంబాల కోసం ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

ఇంట్లో తెలియగానే అందరూ చేసే పని ఇదే. తిట్టడం, ఒట్టు వేయించుకోవడం, తలుపు వేయడం. ప్రేమతోనే చేస్తారు, కాదనను. కానీ ఏ పదార్థం ఆపుతున్నామో తెలియకుండా ఆపడం ప్రమాదం. అన్నీ ఒకేలా ఉండవు. గంజాయి మానేస్తే చిరాకు, ఆకలి లేకపోవడం, నిద్ర పట్టకపోవడం, పట్టినా పీడకలలు రావడం ఉంటాయి. మొదటి వారం ఎక్కువగా ఉండి, సాధారణంగా రెండు వారాల్లో తగ్గుతాయి. ప్రాణానికి భయం ఉండదు. నొప్పి మాత్రల్లో మత్తునిచ్చేవి, అంటే ఓపియాయిడ్ రకం, మానితే ఆవలింతలు, ముక్కు కారడం, రోమాలు నిక్కబొడుచుకోవడం, కడుపులో మెలిపెట్టడం, విరేచనాలు వస్తాయి. హెరాయిన్ లాంటివైతే 8 నుంచి 12 గంటల్లో మొదలై రెండు మూడు రోజుల్లో తారస్థాయికి చేరతాయి. మనిషి నరకం చూస్తాడు. ఆరోగ్యంగా ఉన్నవాళ్లలో ఇది సాధారణంగా ప్రాణం తీయదు గానీ, వాంతులు, విరేచనాలతో ఒంట్లో నీరు పోతే అక్కడా ప్రమాదమే.

నిద్రమాత్రలు, ఆందోళన తగ్గించే మాత్రలు వేరు. అల్ప్రాజోలామ్, డయాజెపామ్ లాంటివి మెదడులో ఉద్రేకాన్ని అణచే వ్యవస్థకు బలమిస్తాయి. నెలల తరబడి వేసుకుంటే మెదడు తన సొంత బ్రేకులను సడలించేసుకుంటుంది. మాత్ర హఠాత్తుగా ఆగితే పట్టి ఆపేది ఏదీ ఉండదు. వణుకు, చెమట, గుండెదడ, ఆ తర్వాత ఫిట్స్, మతిభ్రమణం. అల్ప్రాజోలామ్ త్వరగా ఒంట్లోంచి పోతుంది కాబట్టి ఒకటి రెండు రోజుల్లోనే ఈ గొడవ మొదలవుతుంది. డయాజెపామ్ నెమ్మదిగా పోతుంది, అందుకని వారం తర్వాత కూడా రావచ్చు. ‘మూడు రోజులు గడిచాయి, ఏమీ కాలేదు’ అని ఊరట పడడానికి లేదు. రోజూ ఎక్కువగా మద్యం తాగేవాళ్లు ఒక్కసారిగా మానినా ఇదే జరుగుతుంది. వాళ్లకు ఫిట్స్ సాధారణంగా మొదటి రెండు రోజుల్లో, స్పృహ తప్పి పలవరించే స్థితి రెండు నుంచి నాలుగు రోజుల మధ్య వస్తాయి. అందుకే ఈ మాత్రలను మేం ఒకేసారి ఆపం. మోతాదును వారాల తరబడి, కొందరిలో నెలల తరబడి తగ్గించుకుంటూ వస్తాం. ఎంత, ఎలా అనేది మనిషిని బట్టి ఉంటుంది, ఇక్కడ రాయలేను. రాసినా మీరు ఇంట్లో మొదలుపెట్టకూడదు.

మరి బంధువులిచ్చిన ఆ మాత్ర ఏమిటి? పేరు రాయలేదు. బహుశా మీకూ తెలియదు. నాకు కోపం వచ్చింది మీ అబ్బాయి మీద కాదమ్మా, ఈ అలవాటు మీద. ఒకరి చీటీ మీద కొన్న మాత్ర ఇంకొకరి నోట్లోకి వెళ్లడం మామూలైపోయింది. ఆ మాత్రతో పడుకున్నాడంటే తగ్గినట్టు కాదు. మత్తునిచ్చే నొప్పి మాత్రలు, నిద్రమాత్రలు రెండూ ఊపిరిని మందగింపజేస్తాయి. కలిస్తే నిద్రలోనే శ్వాస ఆగిపోయే ప్రమాదం ఉంది. ఈ రెండూ కలిపి వాడడం ఎంత ప్రమాదమంటే, 2016లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఈ మందులన్నిటి మీదా అతి తీవ్రమైన హెచ్చరిక ముద్రించాలని ఆదేశించింది. గురక వింతగా మారినా, పిలిస్తే లేవకపోయినా, ఊపిరి నెమ్మదించినా, పెదాలు నీలంగా కనిపించినా అది గాఢనిద్ర అనుకోకండి. వెంటనే అంబులెన్స్ పిలవండి. ఫిట్స్ వస్తే పక్కకు తిప్పి పడుకోబెట్టండి. నోట్లో ఏమీ పెట్టకండి, నీళ్లు తాగించకండి, గట్టిగా అదిమి పట్టుకోకండి. తలుపుకు తాళం వేసి మీరు అవతలి గదిలో పడుకుంటే ఇవేవీ కనిపించవు. అందుకే తాళం తీయండి.

ఇంకో ప్రమాదం ఉంది. ఇది కొన్నాళ్లు బాగా గడిచాక వస్తుంది కాబట్టి ఎవరూ ఊహించరు. నొప్పి మాత్రలు, హెరాయిన్ లాంటివి కొన్ని వారాలు మానితే శరీరానికి వాటిని తట్టుకునే శక్తి పడిపోతుంది. ఇంట్లో అందరూ ‘గండం గట్టెక్కింది’ అనుకుంటారు. అబ్బాయి ఒకరోజు బయటికి వెళ్తాడు, పాత స్నేహితుడు కలుస్తాడు, పాత మోతాదే తీసుకుంటాడు. నెల కిందట ఏమీ చేయని మోతాదు ఇప్పుడు ఊపిరి ఆపేస్తుంది. జైలు నుంచి విడుదలైన మొదటి రెండు వారాల్లో ఓవర్‌డోస్ మరణాలు బాగా ఎక్కువగా ఉండడానికి ముఖ్య కారణం ఇదే. చికిత్స మధ్యలో వదిలేసి వచ్చినవాళ్లకూ ఈ ముప్పు ఉంది. ఓపియాయిడ్ ఓవర్‌డోస్‌కు విరుగుడుగా నాలోక్సోన్ అనే మందు ఉంది. కుటుంబ సభ్యులకు కూడా ఇది అందుబాటులో ఉండాలని, వాడడం నేర్పాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2014లోనే సిఫారసు చేసింది. దాని ప్రభావం అరగంట నుంచి గంటన్నర వరకే ఉండొచ్చు కాబట్టి అది ఇచ్చినా ఆస్పత్రికి వెళ్లాల్సిందే. మీ అబ్బాయి విషయంలో అవసరమా అని చూసే డాక్టరును అడగండి.

భోజనంలో కలిపే మందు సంగతి. లేదు, వద్దు. మద్యం మాన్పించడానికి డైసల్ఫిరామ్ అనే మందు ఉంది. అది వేసుకున్నవాళ్లు మద్యం తాగితే ముఖం ఎర్రబారి, వాంతులై, గుండెదడ వచ్చి, బీపీ పడిపోతుంది. ఈ సంగతి తెలిసి, ఒప్పుకుని, డాక్టర్ పర్యవేక్షణలో వాడే మనిషికే అది మందు. తెలియక తాగేసిన మనిషికి ప్రాణాంతకం కావచ్చు. నాల్‌ట్రెక్సోన్ అనే ఇంకో మందు ఉంది. ఒంట్లో ఓపియాయిడ్ ఉండగా అది పడితే నిమిషాల్లో తీవ్రమైన విత్‌డ్రాయల్, అంటే మత్తు హఠాత్తుగా ఆగినప్పుడు వచ్చే బాధలు, మొదలవుతుంది. ఇక పేరూ ఊరూ లేని పొడులు ‘పదిహేను రోజుల్లో మాన్పిస్తాం’ అని అమ్ముతుంటారు. వాటిలో ఏముందో అమ్మేవాళ్లు చెప్పరు. ఇంకో మాట కూడా చెప్పాలి. వాడికి ఇప్పుడు ఇంట్లో నమ్మదగిన మనిషి ఒక్కరైనా ఉండాలి. భోజనంలో మందు కలిపారని తెలిస్తే ఆ ఒక్కరూ ఉండరు.

పని చేసే మందులు ఉన్నాయి, బహిరంగంగానే ఇస్తాం. ఓపియాయిడ్ అలవాటుకు మెథడోన్, బుప్రెనార్ఫిన్ 2005 నుంచి ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యావశ్యక ఔషధాల జాబితాలో ఉన్నాయి. ‘ఒక మత్తు మాన్పించి ఇంకోటి అలవాటు చేస్తారా’ అని బంధువులు అంటారు. పట్టించుకోకండి. పర్యవేక్షణలో వాడినంత కాలం ఇవి ఓవర్‌డోస్ మరణాలను తగ్గిస్తాయి. గంజాయికి మాత్రం ప్రత్యేకంగా ఆమోదం పొందిన మందు లేదు. అక్కడ కౌన్సెలింగే ప్రధానం.

ఇక ‘మంచి కుటుంబాల పిల్లలు కూడా’ అన్నారు. ఆ మాట కాస్త బాధపెట్టింది. మత్తు అలవాటు కుటుంబం మంచిదా చెడ్డదా అని చూసి రాదు. అలవాటుపడే స్వభావంలో దాదాపు సగం వరకు వంశపారంపర్యంగా వస్తుంది. దగ్గరి బంధువుల్లో ఎవరికైనా మద్యం అలవాటు ఉందేమో డాక్టరు అడుగుతారు, దాచకండి. వయసు రెండో సంగతి. తొందరపాటును అదుపు చేసే మెదడు భాగం ఇరవైల మధ్య దాకా ఎదుగుతూనే ఉంటుంది. గంజాయి తాగినవాళ్లలో పది మందిలో సుమారు ఒకరు దానికి బానిసవుతారు, టీనేజిలోనే మొదలుపెట్టినవాళ్లలో ఆ ముప్పు ఇంకా ఎక్కువ. మూడోది, చాలామంది సరదా కోసం కాదు, ఏదో ఒక బాధ తట్టుకోలేక మొదలుపెడతారు. నిద్ర పట్టకపోవడం, పరీక్షల టెన్షన్, డిప్రెషన్, చిన్నప్పుడు పడిన హింస, చెప్పుకోలేని అవమానం. మీ అబ్బాయి నిద్రమాత్రల దాకా ఎందుకు వెళ్లాడు? మీ ఉత్తరంలో ఈ ప్రశ్న లేదు. అతన్ని ఎవరూ అడగలేదేమో అనిపిస్తోంది.

పరిసరాల పాత్ర ఎంతో చెప్పడానికి వైద్యంలో మేం తరచూ ఒక ఉదాహరణ తీసుకుంటాం. వియత్నాం యుద్ధంలో 1971 ప్రాంతంలో అమెరికా సైనికుల్లో దాదాపు ఐదో వంతు మంది హెరాయిన్ లాంటి మత్తుకు బానిసలయ్యారు. వాళ్లు ఇంటికి తిరిగొచ్చాక ఏమయ్యారో లీ రాబిన్స్ అనే పరిశోధకురాలు పరిశీలించారు. బానిసలైనవారిలో మొదటి ఏడాది మళ్లీ ఆ స్థితికి వెళ్లింది సుమారు 5 శాతమే. యుద్ధం లేదు, భయం లేదు, చేతికందే హెరాయిన్ లేదు. దీన్ని పట్టుకుని ‘ఊరు మారిస్తే చాలు’ అనుకోకండి, మీ అబ్బాయికి పాత గదీ పాత స్నేహితులూ ఇక్కడే ఉన్నారు. కానీ మానేశాక ఎక్కడ, ఎవరితో, ఏ పనిలో రోజు గడుపుతాడన్నది మందుతో సమానమైన ముఖ్య విషయం.

దుష్ప్రభావాల గురించి మీరు చదివే ఉంటారు, రెండే చెబుతాను. గంజాయి ఎక్కువగా తాగే యువకుల్లో లేని మాటలు వినిపించడం, అందరూ తన మీద కుట్ర చేస్తున్నారనే అనుమానం కనిపిస్తే వాయిదా వేయకుండా మానసిక వైద్యుడికి చూపించాలి. సూదులు పంచుకున్న చరిత్ర ఉంటే హెచ్‌ఐవీ, హెపటైటిస్ బి, సి పరీక్షలు చేయించాలి. హెపటైటిస్ సి ఇప్పుడు మాత్రలతో చాలామందిలో పూర్తిగా నయమవుతుంది, భయపడి పరీక్ష మానకండి.

సమాజం ఎలా ఆపాలన్నది ఒక డాక్టరు తీర్చేంత చిన్న ప్రశ్న కాదు. భయపెట్టే ఉపన్యాసాలు, పుర్రె బొమ్మల పోస్టర్లు పిల్లల్ని ఆపిన దాఖలాలు మాత్రం లేవు. ఐస్‌లాండ్‌లో 15–16 ఏళ్ల పిల్లల్లో గత నెలలో ఒక్కసారైనా మద్యం మత్తులో తూలినవాళ్లు 1998లో 42 శాతం. 2016 నాటికి 5 శాతం. వాళ్లు చేసింది సాయంత్రాలు పిల్లలకు ఆటలు, సంగీతం అందుబాటులోకి తేవడం, తల్లిదండ్రులు పిల్లలతో గడిపే సమయం పెంచడం, రాత్రి బయట తిరగడానికి వేళ నిర్ణయించడం. ఏళ్ల తరబడి చేశారు. ఇక మందుల విషయంలో మా బాధ్యత కూడా ఉంది. హెరాయిన్‌ను 1898లో దగ్గు మందుగా మార్కెట్లోకి తెచ్చారు. మందు పేరుతో వచ్చింది కాబట్టి హాని ఉండదనే నమ్మకం అప్పటి నుంచీ ప్రాణాలు తీస్తూనే ఉంది. చీటీ లేకుండా నిద్రమాత్ర కొనకండి, మిగిలిన మాత్రలు ఇంట్లో దాచకండి.

అన్నిటికంటే ఆలస్యం నన్ను ఎక్కువ బాధిస్తుంది. ఐక్యరాజ్యసమితి 2024 నివేదిక ప్రకారం ప్రపంచంలో మత్తు పదార్థాల వల్ల జబ్బు పడ్డవారు సుమారు 6.4 కోట్ల మంది. చికిత్స అందుతున్నది 11 మందిలో ఒకరికి. పరువు పోతుందని ఆగేవాళ్లు అందులో ఎంతోమంది. మీరు కూడా ఈ సంగతి బంధువులకు చెప్పారు, మాత్ర తెచ్చుకున్నారు, డాక్టరు దగ్గరికి మాత్రం వెళ్లలేదు. షుగర్‌కో, గుండెనొప్పికో ఇలా చేసేవారా?

ఆస్పత్రికి వెళ్లేటప్పుడు గదిలో దొరికిన ఖాళీ స్ట్రిప్‌లన్నీ, బంధువుల మాత్ర స్ట్రిప్‌తో సహా తీసుకెళ్లండి. చివరి మాత్ర ఎప్పుడు వేసుకున్నాడో, ఒళ్లు బిగుసుకున్నది ఎంతసేపో రాసుకోండి. డాక్టరుతో కాసేపు అబ్బాయిని ఒంటరిగా మాట్లాడనివ్వండి, మీ ముందు నిజమైన మోతాదు చెప్పడు. చచ్చిపోతాననే మాట ఎప్పుడైనా అన్నాడా అన్నది తప్పకుండా చెప్పండి. తర్వాత డీ-అడిక్షన్ కేంద్రంలో చేర్చాల్సి వస్తే, అక్కడ రాత్రి వేళ డాక్టరు ఉంటారా, ఫిట్స్ వస్తే ఏం చేస్తారు, మిమ్మల్ని చూడనిస్తారా, ఇంటికి వచ్చాక ఎన్ని నెలలు ఫాలోఅప్ ఉంటుంది అని అడగండి. కొట్టే, కట్టేసే చోట చేర్చకండి. మానినవాళ్లలో 40 నుంచి 60 శాతం మంది మళ్లీ ఒకసారైనా జారతారు, బీపీ, ఆస్తమా రోగులు మందులు వదిలేసి మళ్లీ జబ్బు తెచ్చుకునే స్థాయిలోనే. అలా జరిగితే ఒట్టు తప్పాడని నిలదీయకుండా అదే రోజు అదే డాక్టరుకు ఫోన్ చేయండి.