"మొక్కుకున్నా రాలేదుగా" అంటున్న కొడుకు

ప్రశ్న: మాది ఆర్‌.సి.ఎం. (రోమన్‌ కథోలిక) కుటుంబం. విజయవాడలో ఉంటాం. మా అబ్బాయి రెండోసారి నీట్‌ రాశాడు. గుణదల కొండెక్కి మొక్కుకున్నాం, నవదిన ప్రార్థనలు చేశాం. సీటు రాలేదు. అప్పట్నుంచి వాడు ఆదివారం పూజకు రావడం లేదు. జపమాలకు పిలిస్తే "మొక్కుకున్నా రాలేదుగా, ఇంకెందుకు?" అంటున్నాడు. మా ఆయన కోప్పడుతున్నారు, అత్తగారు ఏడుస్తున్నారు. నాకూ లోపల దిగులుగానే ఉంది. ఏం చేయాలి?

జవాబు: అమ్మా, మీ అబ్బాయికి విశ్వాసం పోయిందని నేననుకోవడం లేదు. దేవుడి మీద కోపం వచ్చింది. నమ్మకమే లేకపోతే "ఎందుకివ్వలేదు" అని అడగడు కదా. రెండేళ్లు కష్టపడి చదివి సీటు పోగొట్టుకున్నాడు. ఇంట్లో అందరూ పూజకు రాలేదనే చూస్తుంటే, తన దుఃఖం ఎవరికీ పట్టలేదని అతనికి అనిపిస్తుంటుంది.

బైబిల్లో 13వ కీర్తన తీసి చదవండి. ఎంతకాలం నన్ను మరచిపోతావు ప్రభూ అని దేవుణ్ని నిలదీస్తూ మొదలవుతుంది. దాన్ని కూడా శ్రీసభ (కథోలిక సంఘం) ప్రార్థనగానే మన చేతికిచ్చింది. సిలువ మీద ప్రభువు కూడా నన్నెందుకు విడిచిపెట్టావని తండ్రిని అడిగారు. కాబట్టి ఈసారి మీవాడు ఆ మాట అంటే "తప్పు, అలా అనకూడదు" అని నోరు మూయించకండి. "అవున్రా, నాకూ అదే బాధ" అనండి. మీ దిగులు నాకు రాశారు, అతనికీ చెప్పండి. అమ్మకు ఇలాంటి సందేహాలు రావనుకుంటున్నాడేమో.

మొక్కు గురించి కాస్త సూటిగానే చెప్పాలి. మన ఇళ్లలో మొక్కు చాలాసార్లు బేరమైపోతోంది. గుణదలలో మనం దర్శించుకునేది లూర్దుమాతనే. 1858లో మరియతల్లి దర్శనాలు జరిగినప్పట్నుంచి ఫ్రాన్స్‌లోని లూర్దుకు లక్షలాది రోగులు వెళ్లారు. అద్భుత స్వస్థతలని శ్రీసభ అధికారికంగా ఒప్పుకున్నవి 70 పైచిలుకే. మరి జబ్బు నయం కానివాళ్లు మళ్లీ మళ్లీ ఎందుకు వెళ్తారు? అక్కడ ప్రదక్షిణలో చక్రాల కుర్చీల్లో ఉన్నవాళ్లదే ముందు వరస. తోసేవాళ్లు, చేయి పట్టుకునేవాళ్లు పక్కనే ఉంటారు. దేవుడు తమను వదిలేయలేదన్న ధైర్యంతో వాళ్లు ఇంటికొస్తారు. మీ అబ్బాయికి ఇంట్లో అందాల్సిన ఆశ ఇదే. ర్యాంకు మీద కట్టుకున్న ఆశ ఫలితాల రోజుతో అయిపోయింది.

మీ అత్తగారికి పునీత మోనికమ్మ గురించి తెలిసే ఉంటుంది. దారి తప్పిన కొడుకు అగుస్తీను కోసం ఏళ్ల తరబడి ఏడ్చింది. మావాడితో మాట్లాడండని ఒక మేత్రాణులను (బిషప్‌ను) బతిమాలితే ఆయన ఒప్పుకోలేదు. ఇప్పుడు చెప్పినా వినడు, కొన్నాళ్లు వదిలెయ్, నువ్వు ప్రార్థిస్తూ ఉండు అన్నారు. అగుస్తీను 387లో మిలానులో ఈస్టరుకు జ్ఞానస్నానం పొందాడు. మనం ఆమె కన్నీళ్లను తలచుకున్నంతగా ఆ మేత్రాణుల సలహాను తలచుకోం. మీ ఇంట్లో ఇప్పుడు కావలసింది ఆ సలహానే.

ఆదివారం పొద్దున "పూజకు వెళ్తున్నాం, వస్తావా?" అని మామూలుగా అడగండి. రానంటే మీరు వెళ్లిరండి. వచ్చాక టిఫిన్‌ దగ్గర ఫాదర్‌ గారి ప్రసంగాన్ని అతనికి తగిలేలా చెప్పకండి. రాత్రి జపమాల మానొద్దు, కుదరకపోతే పది పూసలైనా చెప్పుకోండి. కానీ "మావాడికి బుద్ధి ఇవ్వు తల్లీ" అని గట్టిగా వేడుకోవడం మాత్రం ఆపండి, పక్క గదిలోకి వినబడుతుంది. ఇక మీవారు. దయచేసి, థాంక్స్‌, క్షమించు అనే మూడు మాటలు ఇంట్లో వినబడుతూ ఉండాలని పోపు ఫ్రాన్సిస్‌ గారు ఎన్నోసార్లు చెప్పారు. మీవారిని మూడోదానితో మొదలుపెట్టమనండి. కొడుకు గదిలోకెళ్లి, మంచం మీద పక్కన కూర్చుని, "మొన్న కోప్పడ్డాను, ఏమనుకోకురా" అంటే చాలు. నెల రోజులు మీరు చెప్పే నీతులకన్నా అది ఎక్కువ పని చేస్తుంది.

మూడోసారి రాయాలా, బీఎస్సీ నర్సింగో ఫార్మసీయో చేరాలా అన్నది అతనితో కూర్చుని తేల్చుకోండి. నిర్ణయం అతనిదే కావాలి.

నిద్ర, తిండి మానేసినా, బతికి ఏం లాభం అన్నట్టు మాట్లాడినా ప్రార్థనతో సరిపెట్టొద్దమ్మా. అదే రోజు మానసిక వైద్యుల దగ్గరకు తీసుకెళ్లండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్‌ టెలీ మానస్‌ 14416కు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్‌ చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు. ఆ నంబరు ఈరోజే మీ ఫోన్‌లో, మీవారి ఫోన్‌లో సేవ్‌ చేసుకోండి.