డిసెంబర్ మూడో వారంలో పిల్లలతో ఏం చేయొచ్చంటే

డిసెంబర్ 14 నుంచి 21 లోపు పిల్లలతో ఖర్చులేకుండా జరుపుకునే వింత రోజులు అడిగారు కదండీ. రోజుకొకటి మాత్రం పెట్టుకోకండి, మూడో రోజుకే అందరికీ విసుగొస్తుంది. నేనైతే మూడే ఎంచుకుంటాను.

14న కోతుల దినోత్సవం. 2000లో అమెరికాలో మిషిగన్ స్టేట్ యూనివర్సిటీ విద్యార్థులు సరదాగా మొదలుపెట్టారు. కోతి చేష్టలు పిల్లలకు మనం నేర్పాలా ఏంటి!

17న విమానం రోజు. 1903లో రైట్ సోదరుల విమానం మొదటిసారి ఎగిరింది 12 సెకన్లే, 120 అడుగులే. టేపుతో అంత దూరం కొలిచి సుద్దతో గీత గీయండి, కాగితం విమానాలు వదలమనండి. మావాడిది సగం దూరం కూడా పోలేదు, పైగా గాలి మీద నెపం!

21న గళ్ల నుడికట్టు, అదే క్రాస్‌వర్డ్. 1913లో ఇదే రోజు ఆర్థర్ విన్ కూర్చిన మొదటి పజిల్ న్యూయార్క్ వరల్డ్ పత్రికలో వచ్చింది. అది చదరంగా కాదు, వజ్రం ఆకారంలో ఉండేది, మధ్యలో ఖాళీ. మీరు తెలుగులో చేయించండి. గుణింతం, ఒత్తు అన్నీ కలిపి ఒకే గడిలో రాయాలని ముందే చెప్పండి, లేకపోతే కొట్లాటే. ఆధారాలు ఇంట్లోవాళ్ల మీదే ఉండాలి: 'అలారం మోగినా లేవనిది ఎవరు?' లాంటివి.

15న టీ దినోత్సవం అంటారు గానీ, ఐక్యరాజ్యసమితి దానికి మే 21 ఖాయం చేసింది. అది అప్పటికి దాచుకోండి.