కొత్త పికప్‌లో పాత ఇంజిన్ పెట్టొచ్చా?

ప్రశ్న: నాది 2015 మోడల్ డీజిల్ పికప్, కామన్ రైల్ ఇంజిన్. ఒక ఇంజెక్టర్ కారిపోయి మూడో పిస్టన్ కరిగింది. మా నాన్నగారు ఇరవై ఏళ్లు నడిపిన పాత పికప్ ఇంజిన్ ఇంకా శుభ్రంగా ఉంది. మెకానికల్ పంపుది, కంప్యూటర్ గొడవే లేదు. కానీ ఆ బండి బాడీ తుప్పు పట్టిపోయింది. "దాన్ని దించి దీంట్లో ఎక్కించేద్దాం, మూడు రోజుల పని" అంటున్నాడు మా మెకానిక్. చేయించమంటారా?

జవాబు: మీ నాన్నగారి ఇంజిన్‌ని వదులుకోవడానికి మీకు మనసొప్పట్లేదని ఉత్తరం చదువుతుంటేనే తెలుస్తోంది. ముప్పై ఏళ్లుగా ఇదే పనిలో ఉన్నాను, ఆ రకం ఇంజిన్లంటే నాకూ ప్రాణం. డీజిల్ పంపు మీదున్న సాలినాయిడ్‌కి (డీజిల్‌ని వదిలే, ఆపే కరెంటు వాల్వు) 12 వోల్టుల తీగ ఒక్కటి అందితే చాలు, తిరుగుతూనే ఉంటాయి. వాటి ఇంజెక్టర్, అంటే సిలిండర్‌లోకి డీజిల్ చిమ్మేది, 200 బార్ల ఒత్తిడికి అటూ ఇటూగా తెరుచుకుంటుంది. మీ కామన్ రైల్‌లో, అంటే ఇంజెక్టర్లన్నిటికీ డీజిల్ పంచే ఉమ్మడి గొట్టంలో, ఒత్తిడి 1,600 బార్లు కూడా దాటుతుంది. అంత ఒత్తిడి దగ్గర డీజిల్‌లో కంటికి కనపడని నలుసు కూడా ఇంజెక్టర్ లోపలి సీటును కోసేస్తుంది. మీ పిస్టన్ కథ బహుశా అక్కడే మొదలై ఉంటుంది.

అయినా మూడు రోజుల మాట మాత్రం నమ్మకండి. మూడు రోజుల్లో ఇంజిన్ కూర్చుంటుందేమో గానీ, బండి తయారవదు.

ముందు ఇనుము సంగతి. ఇంజిన్‌ని చాసిస్‌కి పట్టి ఉంచే మౌంటింగులు కొత్తగా వెల్డింగ్ చేయించాలి. ఛాంబర్ (ఇంజిన్ అడుగునుండే నూనె తొట్టి) కింద క్రాస్ మెంబర్‌కి, అంటే చాసిస్ అడ్డదూలానికి, తగలకూడదు. పాత ఇంజిన్‌కీ కొత్త గేర్‌బాక్స్‌కీ బోల్టు రంధ్రాలు కలవవు కాబట్టి మధ్యలో అడాప్టర్ ప్లేటు వస్తుంది. నేను దెబ్బ తిన్నది ఇక్కడే. ఇలాంటి పనిలోనే ఒకసారి బెల్ హౌసింగ్‌కీ (గేర్‌బాక్స్ ముందు గంటలాంటి తొడుగు) ఇంజిన్ బ్లాక్‌కీ మధ్య నాలుగు మిల్లీమీటర్ల సందు మిగిలింది. బోల్టులు బిగిస్తే అదే దగ్గరకొస్తుందని బిగించేశాను, వచ్చింది కూడా. నిజానికి గేర్‌బాక్స్ షాఫ్ట్ ముక్కు క్రాంక్ (ఇంజిన్ ఇరుసు) వెనక చివర దాన్ని పట్టుకునే పైలట్ బేరింగ్ రంధ్రం అడుగుకు తగిలి, క్రాంక్‌ని ముందుకు తోస్తోంది. ఆరు వందల కిలోమీటర్లకే ఓనరు బండి వెనక్కి తెచ్చాడు. ఛాంబర్ విప్పితే, క్రాంక్ ముందుకూ వెనక్కూ జరగకుండా ఆపే థ్రస్ట్ వాషర్ ముక్క నూనెలో ఉంది, క్రాంక్ అంచు గీతలు పడిపోయింది. మంచి క్రాంక్ నా చేతుల్లోనే పాడైంది. అప్పటినుంచి బోల్టులు బిగించక ముందొకసారి, బిగించాక ఒకసారి స్క్రూడ్రైవర్‌తో క్రాంక్ పుల్లీని వెనక్కీ ముందుకీ మీటి చూస్తాను. "టిక్" మని వెంట్రుకవాసి ఆట రెండుసార్లూ ఒకేలా తగలాలి. బిగించాక ఆ ఆట పోయిందంటే విప్పేయాల్సిందే. మీ మెకానిక్‌ని మీ ఎదుటే ఇది చేసి చూపించమనండి.

తర్వాతది వైరింగ్, అసలు రోజులన్నీ తినేసేది ఇదే. మీ బండిలో ఇంజిన్ కంప్యూటరూ, మీటరూ, ఏబీఎస్సూ ఒకదాన్నొకటి మెలేసుకున్న రెండు తీగల మీద నిరంతరం మాట్లాడుకుంటుంటాయి. పాత ఇంజిన్ క్రాంక్‌కి సెన్సార్ లేదు. అంచేత అది తిరుగుతున్నా, ఆగిపోయిందనే కంప్యూటర్ అనుకుంటుంది. ఏసీ కంప్రెసర్‌ని కలవనివ్వదు. మీటర్ నిండా హెచ్చరిక దీపాలు వెలుగుతాయి. ఆర్పీఎం ముల్లుకి డైనమో డబ్ల్యూ టెర్మినల్ నుంచి సిగ్నల్ ఇవ్వొచ్చు, వేడికీ ఆయిల్ ప్రెషర్‌కీ విడి మీటర్లు పెట్టొచ్చు. మీ యాక్సిలరేటర్ పెడల్‌కి కరెంటు తీగే తప్ప లాగే కేబుల్ ఉండదు, దాన్నీ మార్చాలి.

బ్రేకుల సంగతి మాత్రం దయచేసి రెండుసార్లు చదవండి. డీజిల్ ఇంజిన్‌లో బ్రేక్ బూస్టర్‌కి (కాలి బలాన్ని పెంచేది) కావలసిన వ్యాక్యూమ్‌ని విడి పంపు ఇవ్వాలి. చాలా పాత ఇంజిన్లలో ఆ పంపు డైనమో వెనకే ఉంటుంది. "కొత్త డైనమో బాగుంది కదా" అని పాతది తీసేస్తే దాంతో పాటే వ్యాక్యూమ్ కూడా పోతుంది. పెడల్ రాయిలా అయిపోతుంది. లోడుతో దిగుడులో ఆ సంగతి తెలియకూడదు.

ట్యాంకులో కరెంటు పంపు ఉంటే దాని ఒత్తిడిని పాత ఇంజిన్ రోటరీ డీజిల్ పంపు మీదికి నేరుగా వదలకండి. షాఫ్ట్ సీలు కారి డీజిల్ ఇంజిన్ ఆయిల్‌లో కలిసే ప్రమాదముంది.

చట్టం విషయం దేశాన్ని బట్టి మారుతుంది. అమెరికాలో అయితే మార్చి పెట్టే ఇంజిన్ బండి మోడల్ సంవత్సరానిదో, ఆ తర్వాతిదో కావాలన్నది కాలుష్య నియమాల ధోరణి. మీరడిగేది దానికి నేరుగా ఎదురు. ఒక్క బోల్టు విప్పకముందే రిజిస్ట్రేషన్ ఆఫీసులో అడిగి, జవాబు కాగితం మీద తీసుకోండి.

నన్నడిగితే చేయించొద్దనే అంటాను. కరిగింది ఒక్క పిస్టనే. లైనర్ (పిస్టన్ ఆడే గొట్టం) గీతలు పడితే బోరు చేయించడమో స్లీవ్ వేయించడమో చేయండి. ఇంజెక్టర్లు నాలుగూ బెంచి మీద పరీక్షించండి, డీజిల్ ట్యాంకు దించి కడిగించండి. బ్లాకే పగిలి ఉంటే అదే మోడల్ ఇంజిన్ వెతకండి. మౌంటింగులు, వైరింగ్, గేర్‌బాక్స్ అన్నీ ఉన్నవే సరిపోతాయి.

మరి నాన్నగారి ఇంజిన్? బాడీ తుప్పు అన్నారు గానీ చాసిస్ సంగతి రాయలేదు. స్ప్రింగులను చాసిస్‌కి పట్టి ఉంచే హ్యాంగర్ల దగ్గరా, క్రాస్ మెంబర్ అతుకుల దగ్గరా చిన్న సుత్తితో తట్టి చూడండి. ఖంగుమంటే ఇనుము గట్టిగానే ఉందన్నమాట, అప్పుడు ఫ్లోరు, డోర్లు కొత్తవి వేయించి ఆ బండినే తిప్పొచ్చు. దబ్బుమని మూగగా పలికినా, పెచ్చులు రాలినా ఎక్కడెక్కడ రాలాయో గుర్తుపెట్టి నాకు మళ్లీ రాయండి.