ఫాసిజానికి అర్థం రాసేదెలా?

ప్రశ్న: కొందరం కలిసి నిఘంటువు కూరుస్తున్నాం. 'ఫాసిజం' దగ్గర ఒకరు రాసింది ఇంకొకరు కొట్టేస్తున్నారు. తెమిలేదెలా?

జవాబు: నేరుగా అర్థంతో మొదలుపెట్టారు, అందుకే ఈ తగవు. ముందు ప్రయోగాలు, అంటే ఆ మాట వాడిన వాక్యాలు, పోగెయ్యండి. ఎవరైనా రాయగలిగే ఆన్‌లైన్ నిఘంటువు ఇంగ్లీషు విక్షనరీలో, వాడుకలో ఉన్న మాటకు ఒక అర్థం నిలవాలంటే కనీసం మూడు స్వతంత్ర ప్రయోగాలు చూపాలి, వాటిలో మొదటిదానికీ చివరిదానికీ మధ్య కనీసం ఏడాది ఉండాలి. మీరూ అదే పెట్టుకోండి. ఒకే వార్త మూడు పత్రికల్లో వచ్చినా ఒక్కటే లెక్క. "ఫాసిజం అంటే ఇదీ" అని వివరించే వాక్యాలు పనికిరావు. మాటను మామూలుగా వాడేసినవే సాక్ష్యం.

వాటిని కుప్పలు పోయండి, ఒక్కో కుప్ప ఒక్కో అర్థం. 1919లో ఇటలీలో ముస్సోలినీ మొదలుపెట్టిన ఉద్యమం, 1922 నుంచి అతని పాలన ఒక కుప్ప. ఆ తరహా ఇతర సిద్ధాంతాలు, పాలనలు రెండోది. "మా ఆఫీసులో అంతా ఫాసిజం" అనే తిట్టు మూడోది. చివరి రెంటినీ ఒకే వాక్యంలో కుక్కడం వల్లే సగం గొడవలు. మూడోదాన్ని తీసేయకండి, జనం నోట ఉన్న మాట అది. 'నిందార్థకం' అని గుర్తు పెడితే చాలు.

రెండో అర్థంలో 'దుర్మార్గమైన' అంటే తీర్పు. 'వ్యక్తికన్నా జాతి మిన్న అంటూ, అధికారమంతా నాయకుడికిచ్చి, ప్రతిపక్షాన్ని బలంతో అణచే' అంటే వర్ణన.

ఉదాహరణ వాక్యంలో ఇప్పటి పార్టీ పేరు వద్దేవద్దు. అర్థం కుదిరాక కూడా పక్షపాతం అక్కణ్ణించే దూరుతుంది.

మార్పు కోరేవాళ్లు పాత వాక్యం, కొత్త వాక్యం, ఆధారమైన ప్రయోగం పక్కపక్కన పెట్టాలి. ఓటింగు మాత్రం పెట్టకండి, ఆ రోజు ఎవరు ఎక్కువమంది వస్తే అర్థం అటు ఒరిగిపోతుంది.